కాగితాలన్నీ సరే, పట్టీ ఒక్కటే పెట్టలేదు

2024 ఫిబ్రవరి 11న హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లా డోభీలో పైలట్, ప్రయాణికుడు కలిసి ఎగిరే టాండెమ్ పారాగ్లైడర్ ఎక్కిన 26 ఏళ్ల తెలంగాణ యువతి గాల్లోంచి కింద పడి చనిపోయింది. ఎగిరిన స్థలానికి అనుమతి ఉంది. పరికరాలకు ఆమోదం ఉంది. పైలట్ పేరు ప్రభుత్వ రిజిస్టరులో ఉంది. వాతావరణం కూడా బాగానే ఉందని పర్యాటక శాఖ అధికారులే చెప్పారు. ప్రయాణికురాలి సేఫ్టీ బెల్టు సరిగ్గా పెట్టారో లేదో పైలట్ చూసుకోలేదు, లోపం అదొక్కటే. మానవ తప్పిదం అన్నారు. పైలట్‌ను అరెస్టు చేశారు.

అదే డోభీలో 2022 డిసెంబరులో మహారాష్ట్ర నుంచి వచ్చిన 30 ఏళ్ల పర్యాటకుడు ఇలాగే గాల్లోంచి పడి చనిపోయాడు. పైలట్ మాత్రం క్షేమంగా దిగాడు. పద్నాలుగు నెలలు తిరక్కముందే అదే ఊళ్లో అదే తీరు చావు. ఈ రెండింటికీ ముందే, బెంగళూరు బాలుడొకడు హిమాచల్‌లో పారాగ్లైడింగ్‌కి బలైనప్పుడు అక్కడి హైకోర్టు తనంతట తానే కలగజేసుకుంది. పరికరాలు పరీక్షించేదాకా ఎగరొద్దని 2022లో ఆదేశించింది. కమిటీలు తిరిగాయి, గ్లైడర్లు చూశాయి, ముద్రలు పడ్డాయి. డోభీ చావులు రెండూ ఆ ముద్రల తర్వాతివే.

మా తీర్పు ముందే చెబుతున్నాం. డోభీలో జరిగినదాన్ని ఒక మనిషి మరుపు కింద రాసి ఫైలు మూయడం తప్పు. మరుపు ఎవరికైనా వస్తుంది. ఆ మరుపును పట్టుకునే రెండో కన్ను అక్కడ లేదు. అది లేకుండానే రోజంతా జనాన్ని ఎక్కించి దించే వ్యాపారానికి అనుమతి ఇచ్చిన ఏర్పాటే మొదటి ముద్దాయి. ఎగిరేచోట వద్దు అనే అధికారం ఉన్న మనిషి, ఎగిరిన లెక్కను బట్టి జీతం రాని మనిషి, ఒకరు నిలబడి లేనంతవరకు టాండెమ్ పారాగ్లైడింగ్‌కు ఏ జిల్లాలోనూ అనుమతి ఉండకూడదు. ఉన్నవాటిని ఆపాలి.

కులూ ఎక్కడ, తమిళనాడులోని మన కోవిల్‌పట్టి ఎక్కడ అని పాఠకులు అడగొచ్చు. దూరమేమీ లేదు. 2025 జనవరిలో అదే కులూ జిల్లా గడ్సాలో పారాగ్లైడర్ కూలి చనిపోయిన యువకుడు తమిళనాడువాడు. 2023 మార్చిలో కేరళ వర్కలలో పాపనాశం బీచి దగ్గర టాండెమ్ గ్లైడర్ వెళ్లి హైమాస్ట్ దీపస్తంభానికి చిక్కుకుంది. గంటకు పైగా పైన వేలాడిన పర్యాటకురాలు కోయంబత్తూరు మనిషి. కింద వలలు, పరుపులు పరిచి దించారు, బతికింది. సెలవు దొరికితే మన సాత్తూరు, రాజపాళయం కుర్రాళ్లు కేరళలోని వాగమన్‌కో వర్కలకో బండి కడుతున్నారు. టికెట్ కొనేది వీళ్లే. అందుకే ఈ సంగతి మనది.

ఇంకో కారణం కూడా ఉంది. కాగితం మీది భద్రతకూ పనిచోట భద్రతకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ దేశంలో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టి బాణసంచా ఫ్యాక్టరీలో దాదాపు 40 మంది కాలిపోయారు. లైసెన్సు నిలిపివేశాక కూడా పని సాగిందని ఆనాడే బయటపడింది. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో 20 మందికి పైగా పోయారు. లైసెన్సు ఒకరి పేరున ఉంటే, షెడ్లు ముక్కలు ముక్కలుగా ఇంకెవరికో కౌలుకు వెళ్లాయని జాతీయ హరిత ట్రైబ్యునల్ వేసిన కమిటీ తేల్చింది. గోడకు లైసెన్సు వేలాడుతూనే ఉంటుంది, లోపల ఉండాల్సినవాళ్లకంటే ఎక్కువమంది కూర్చుని మందు కూరుతూ ఉంటారు. తనిఖీ అధికారి వచ్చే రోజు ఊరందరికీ ముందే తెలుస్తుంది. ఈ కథ విరుదునగర్ జిల్లాలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

టాండెమ్ వ్యాపారంలోనూ ఇదే నడుస్తోంది. అనుమతి కంపెనీ పేరున, గ్లైడర్ అద్దెది, ఎగరేసే పైలట్ ఆ సీజనుకు వచ్చినవాడు. అసలు అనుమతే లేనివాళ్లూ ఉన్నారు. 2025 జనవరి 18న గోవాలో కేరి పీఠభూమి మీంచి ఎగిరిన టాండెమ్ కూలి పుణె యువతి, నేపాల్‌కు చెందిన ఆమె పైలట్ ఇద్దరూ చనిపోయారు. ఆ కంపెనీకి అనుమతే లేదని పోలీసులు చెప్పారు. యజమాని మీద భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద, అంటే హత్య కిందికి రాని ప్రాణహరణ నేరం కింద, కేసు పెట్టారు. మేము ఆ సెక్షన్‌ను సమర్థిస్తున్నాం. అనుమతి లేకుండా డబ్బులు తీసుకుని మనిషిని కొండ అంచు మీంచి దూకించడాన్ని నిర్లక్ష్యం అని పిలిస్తే ఆ మాటకే అర్థం ఉండదు.

ఇక డోభీ సంగతికి రండి, ఎందుకంటే కష్టమైన ప్రశ్న అక్కడే ఉంది. అనుమతి లేనివాణ్ణి శిక్షించడం సులువు. అన్నీ ఉన్నచోట మనిషి ఎలా జారిపోయింది?

ప్రయాణికుడి హార్నెస్‌కు ముఖ్యంగా మూడు బకిళ్లు. రెండు తొడల దగ్గర, ఒకటి ఛాతీ దగ్గర. నిలబడి ఉన్నప్పుడు బరువంతా భుజాల పట్టీల మీద ఉన్నట్టు ఉంటుంది. ఛాతీ బకిల్ టక్కున పడగానే మనిషిని పూర్తిగా కట్టేసినట్టే కనబడుతుంది, కట్టించుకున్నవాళ్లకూ అలాగే అనిపిస్తుంది. తొడల పట్టీలు జాకెట్ కింద, సీటు పలక కింద దాగి ఉంటాయి. నేల మీద తేడా తెలియదు. నాలుగు అడుగులు పరుగెత్తి కాళ్లు నేలను వదిలాక బరువు ఒక్కసారిగా తొడల కిందికి వస్తుంది. అక్కడ పట్టీ లేకపోతే మనిషి కిందికి జారి చంకల మీద వేలాడుతుంది. పైలట్ ఆమె వెనకే ఉంటాడు కానీ ఏం చేయగలడు? రెండు చేతులూ బ్రేకుల మీద ఉండాలి, వదిలితే గ్లైడర్ ఎటో తిరుగుతుంది. కొండకు దూరంగా వచ్చేశాక వెనక్కి దిగే చోటు లేదు. నిండు మనిషిని ఒక చేత్తో ఎత్తి సీటులోకి లాక్కునే బలం ఎవరికీ ఉండదు.

పట్టీ పెట్టడం మర్చిపోయేవాడు పని రానివాడేం కాదు. వెయ్యిసార్లు పెట్టినవాడే మర్చిపోతాడు. పెడుతూ ఉండగా ఏదో అడ్డం వస్తుంది. ప్రయాణికురాలు హెల్మెట్ బిగుతుగా ఉందంటుంది, ఇంకోటి తేవాలి. ఫొటో తీయమంటుంది. ఎదురు చూసిన గాలి అప్పుడే వస్తుంది, పక్కవాడు "అన్నా, ఇప్పుడే, ఇప్పుడే" అని అరుస్తాడు. వదిలిన పని దగ్గరికి చేయి తిరిగి రాదు, తర్వాతి పనికి వెళ్లిపోతుంది. 2018లో స్విట్జర్లాండ్‌లో ఒక పర్యాటకుణ్ణి హ్యాంగ్ గ్లైడర్‌కు తగిలించకుండానే పైలట్ ఎగిరాడు. ఆ మనిషి రెండు నిమిషాలకు పైగా చేతులతో పట్టుకుని వేలాడి, దిగేచోట మణికట్టు విరగ్గొట్టుకుని బతికాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. క్రమశిక్షణకు పేరుపడ్డ దేశంలోనే జరిగింది. కాబట్టి మా పైలట్‌కు పదేళ్ల అనుభవం ఉందండీ అనే కంపెనీవాళ్ల మాట మాకు జవాబు కాదు.

దీనికి మందు ఉంది, ఖరీదైనదేమీ కాదు. తొడల పట్టీలనూ ఛాతీ బకిల్‌నూ ఒకదానితో ఒకటి ముడిపెట్టి, కాళ్ల పట్టీ పెట్టకుండా ఛాతీ బకిల్ పడకుండా చేసే హార్నెస్‌లు చాలా ఏళ్లుగా అమ్మకంలో ఉన్నాయి. జనాన్ని ఎక్కించుకునే ప్రతి గ్లైడర్‌కూ ప్రయాణికుడి హార్నెస్ ఈ రకానిదే ఉండాలని ఒక్క వాక్యం నియమంలో రాస్తే చాలు. రాయలేదంటే, రాసేవాళ్లు ఎప్పుడూ హార్నెస్ తొడుక్కుని చూడలేదని అర్థం. రెండోది, పైలట్ పెట్టిన బకిళ్లను ఇంకో మనిషి చేత్తో లాగి చూసి, చూశానని పైకి చెప్పాకే పరుగు మొదలవ్వాలి. కెమెరా పట్టుకున్న బంధువు ఆ ఇంకో మనిషి కాడు. (సెల్ఫీ కర్ర సంగతి వేరే చెప్పాలి. వీడియోకు వేరే డబ్బు వసూలు చేస్తారు కాబట్టి పైలట్లే ఆ కర్ర పట్టుకుని ఎగురుతున్నారు. బ్రేకు మీద ఉండాల్సిన చేయి అది.)

కంటికి కనబడే బకిల్ సంగతే ఇలా ఉంటే, కనబడని గుడ్డా లైన్ల సంగతి చెప్పక్కర్లేదు.

సొంత సరదాకు ఎగిరేవాడు ఏడాదికి కొన్ని పదుల గంటలు ఎగురుతాడు. వ్యాపారం చేసే టాండెమ్ గ్లైడర్ లెక్క వేరు. సీజనులో రోజుకు పదిసార్లు, ఒక్కోసారి పావుగంట అనుకుందాం. రోజుకు రెండున్నర గంటలు. నలభై రోజుల్లో వంద గంటలు నిండుతాయి. తయారీదారులు మామూలుగా వంద, నూటయాభై గంటలకోసారి, లేదా ఏడాదికో రెండేళ్లకో, ఏది ముందైతే అప్పుడు, గ్లైడర్‌ను పూర్తిగా పరీక్షించాలని పుస్తకంలోనే రాసిస్తారు. అంటే ఏడాదికోసారి కొండెక్కి ముద్ర వేసి వెళ్లే కమిటీ, గ్లైడర్ తన పరీక్ష గడువును రెండు మూడుసార్లు దాటేశాక వస్తోందన్నమాట. కమిటీ తన పని తాను నిజాయితీగా చేసినా ఫలితం ఇంతే. క్యాలెండరు చూసి వచ్చే తనిఖీ ఈ యంత్రానికి పనికిరాదు. గంటల లెక్క కావాలి. గ్లైడర్ గ్లైడర్‌కూ పుస్తకం కావాలి. ఎన్నిసార్లు ఎగిరింది, ఎన్ని గంటలు, ఏ రోజు ఏ లైను మార్చారు, ఎవరు మార్చారు. ఆ పుస్తకం లేని గ్లైడర్‌ను అక్కడికక్కడే మడిచి పక్కన పెట్టించాలి.

పరీక్షలో చూసేదేమిటో కూడా పాఠకులు తెలుసుకోవాలి. గ్లైడర్ రెక్క నైలాన్ గుడ్డ, దాని మీద గాలి చొరబడకుండా పూత. టాండెమ్ రెక్క నలభై చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది, ఇద్దరు మనుషులతో సామానుతో కలిపి రెండు వందల కిలోలదాకా మోస్తుంది. దిగేచోట రెండు ఎగరడాల మధ్య ఆ గుడ్డను మండుటెండలో పరిచి వదిలేస్తారు. ఏళ్ల తరబడి దాబా మీద ఆరేసిన చీరకు ఏ గతి పడుతుందో దీనికీ అదే. రంగు వెలిసేది కంటికి కనబడుతుంది, పూత పోయేది కనబడదు. అందుకే ఒక చిన్న పరికరం గుడ్డకు బిగించి, నిర్ణీత పరిమాణం గాలి దాని గుండా పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలుస్తారు. కొత్త గుడ్డలో నిమిషాలు పడుతుంది. పది పదిహేను సెకన్లకు పడిపోయిందంటే ఆ గుడ్డ పని అయిపోయింది. బయటికి కొత్తదిలా మెరుస్తున్నా సరే.

లైన్లు ఇంకా మోసం చేస్తాయి. తెగితేనే ప్రమాదం అనుకుంటారు జనం. తెగకుండానే కొంప ముంచుతాయి. ముందు వరస లైన్ల మీద బరువు ఎక్కువ, అవి సాగుతాయి లేదా అలాగే ఉంటాయి. వెనక వరస మీద బరువు తక్కువ, వాటిలో వాడే డైనీమా లాంటి పోగు వాడకంలో, తడిలో పొట్టిదవుతుంది. తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే. అయినా పైలట్ బ్రేకు పట్టకుండానే పట్టినట్టు రెక్క వెనక్కి వంగి ఉంటుంది. నెమ్మదిగా లేస్తుంది, నెమ్మదిగా ఎగురుతుంది, ఆగిపోయి కూలే హద్దుకు దగ్గరగా ఎగురుతుంది. రోజూ ఎగిరే పైలట్‌కు ఈ మార్పు కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి తెలియను కూడా తెలియదు. లేజరుతో ఒక్కో లైను కొలిచి తయారీదారు పట్టికతో పోల్చినప్పుడే బయటపడుతుంది. ఆ కొలతల కాగితం చూపించమని మన పర్యాటక శాఖ ఏ కంపెనీనైనా అడగాలి. రెండో ప్రశ్న అడగనక్కర్లేదు.

రిజర్వ్ పారాచూట్ గురించి క్లుప్తంగా. అది హార్నెస్‌లో ఉండటం ఒకటి, విచ్చుకోవడం ఒకటి. నెలల తరబడి మడతలో, చెమ్మలో ఉంటే ముడతలు అతుక్కుంటాయి. ఆరు నెలలకోసారైనా విప్పి, గాలి పట్టించి మళ్లీ మడవాలి. ఇద్దరి బరువుకు తగిన పెద్దదే ఉండాలి. ఒంటరి పైలట్ పారాచూట్‌ను టాండెమ్‌కు తగిలించేవాణ్ణి ఈ వృత్తిలోంచి పంపేయాలి.

ఇప్పుడు మన నేల సంగతి. ఇక్కడ ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, పర్యాటకం పేరు చెప్పి ఎవరో ఒకరు ఈ బయళ్ల మీద కన్నేయకపోరు. బీచి ఉంది, గాలి ఉంది, ఖాళీ భూమి ఉంది. ఆ రోజు రాకముందే జిల్లా యంత్రాంగాలకు చెప్పాల్సింది చెప్పడం మా పని.

తూత్తుకుడి ప్రాంతం గాలికి పేరుపడ్డది. దేశంలో తొలి గాలిమరల క్షేత్రాల్లో ఒకటి 1986లో ఇక్కడే పెట్టారు. పాలెగాడు వీరపాండ్య కట్టబ్రహ్మనను 1799లో ఉరితీసిన కయత్తారులో నేడు జాతీయ పవన శక్తి సంస్థవారి టర్బైన్ పరీక్షా కేంద్రం ఉంది. నైరుతి ఋతుపవనాల కాలంలో సెంగోట్టై కనుమలోంచి దూసుకొచ్చే గాలి ఈ మైదానాన్ని ఊడ్చేస్తుంది. టర్బైన్ తన పూర్తి శక్తిని ఇవ్వడానికి సెకనుకు పన్నెండు మీటర్ల దగ్గర గాలి కావాలి, అంటే గంటకు 43 కిలోమీటర్లు. టాండెమ్ గ్లైడర్ మామూలు వేగం గంటకు 38 కిలోమీటర్ల దగ్గర. లెక్క మీరే వేయండి. గాలిమరకు పండగైన రోజున గ్లైడర్ ముందుకు పోవడం మానేసి వెనక్కి కొట్టుకుపోతుంది. వెనక ఏముంటాయి? తిరిగే రెక్కలు, వాటి వెనక చెదిరిన గాలి, కరెంటు తీగలు. నేల మీద గంటకు 25 కిలోమీటర్ల గాలి దాటితే టాండెమ్ ఎగరకూడదని అనుభవమున్న పైలట్లు అంటారు. హిమాచల్‌లో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పారాగ్లైడింగ్ నిషేధం. ఆ తేదీలను చూసి మనమూ అవే పెట్టుకుంటే మూర్ఖత్వం. వాళ్లది వానల లెక్క. మనది గాలి లెక్క, ఇక్కడ మే చివరి నుంచే తలుపులు మూయాలి.

గాలి తగ్గిన నెలలు మాత్రం మేలా అంటే, నల్లరేగడి ఎండాకాలంలో కాలిపోయి మధ్యాహ్నం సుడిగాలులు లేపుతుంది. పరిచి పెట్టిన గ్లైడర్‌ను, దానికి తగిలించిన మనిషితో సహా ఎత్తేయగలదు సుడిగాలి. పడమటి కొండలకు వెళ్దామంటే రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు వైపు అడవి 2021 నుంచి పులుల అభయారణ్యం. అక్కడ టేకాఫ్ స్థలం అడగడమే తప్పు. మిగిలేది మైదానంలో వించ్ పెట్టి వైరుతో లాగి ఎగరేయడం. అది కొండ మీంచి పరుగెత్తడం కంటే తేలికగా కనబడే పని, కానీ అందులో ఇంకో మనిషి చేతిలో ఇద్దరి ప్రాణాలు ఉంటాయి. వించ్ దగ్గర కూర్చున్నవాడు లాగుడు ఎక్కువ చేస్తే, గ్లైడర్ పక్కకు తిరిగినా లాగుతూనే ఉంటే, ఆ వైరే దాన్ని నేలకు కొడుతుంది. నిర్ణీత బరువు దాటితే తెగిపోయేలా వైరుకు కావాలనే ఒక బలహీనమైన ముడి పెడతారు. అది మాటిమాటికీ తెగుతోందని విసుగొచ్చి, దాని స్థానంలో గట్టి తాడు కట్టే తెలివిగలవాళ్లు మన దగ్గర పుట్టరని నమ్మకం ఏమిటి? ఫ్యూజు కాలితే తీగముక్క చుట్టే దేశం మనది.

ఇక దిగేచోటు. ఇక్కడి బీడు భూములన్నీ సర్కారు తుమ్మ ఆక్రమించింది. ఆ ముళ్లలో ఒకసారి దిగిన గ్లైడర్‌ను లాగి విదిలించి మళ్లీ ఎగరేయకూడదు. గుడ్డ మీద సూదిమోపు చిరుగులు, లైన్ల పైతొడుగు కింద తెగిన పోగులు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి చూడాలి, ఆ పూట వ్యాపారం పోయినట్టే. సముద్రం పక్కన ఎగిరితే ఉప్పు పట్టుకుంటుంది. ఉప్పు ఎండి గుడ్డ మీద, లైన్లలో గరుకు పలుకులై కూర్చుని లోపల్లోపలే కోస్తుంది. మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఇసుక సంగతి సరేసరి, రెక్కలోని అరల్లో చేరి కుట్లను అరగదీస్తుంది. కొండల్లో నూటయాభై గంటలు నడిచే గ్లైడర్ మన తీరంలో అంత నడవదు. కాబట్టి ఇక్కడి నియమం అక్కడిదానికంటే కఠినంగా ఉండి తీరాలి. ఎక్కడిదో నమూనా తెచ్చి తేదీలు మార్చి జీవో ఇస్తే మేము ఊరుకోం.

డబ్బు మాట ఎత్తకుండా ఈ చర్చ అబద్ధమే అవుతుంది. చాలాచోట్ల టాండెమ్ పైలట్‌కు నెలజీతం లేదు. ఎగిరితే ఇంత. ఎగరకపోతే సున్నా. గాలి పెరిగింది, ఆపుదాం అన్నవాడు ఆ రోజు అన్నం మానుకున్నవాడు. పక్కవాడు ఎగురుతూ ఉంటాడు, కింద క్యూ ఉంటుంది, బస్సు నాలుగింటికి వెళ్లిపోతుంది. ఈ ఒత్తిడి తెచ్చింది కంపెనీ, జైలుకు వెళ్లింది పైలట్. డోభీలో పైలట్ చేసింది నేరమే, అందులో మాకు సందేహం లేదు. కానీ అతని పక్కన బోనులో ఇంకో ఇద్దరు నిలబడాలి. రోజుకు ఇన్ని ఎగరాలని లెక్క పెట్టినవాడు, ఆ లెక్క తెలిసీ అనుమతి పొడిగించినవాడు. శివకాశిలో కూడా పట్టుబడేది ఫోర్‌మనే. యజమాని ముందస్తు బెయిలు తెచ్చుకుంటాడు.

మంచి పైలట్లు లేరని మేము అనడం లేదు. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ గాలి చూసి గంటలకొద్దీ కదలకుండా కూర్చునే పైలట్లు ఉన్నారు, డబ్బు తిరిగి ఇచ్చి పంపేవాళ్లూ ఉన్నారు. నియమాలు కఠినమైతే ముందు బాగుపడేది వాళ్లే. ఎందుకంటే ఇప్పుడు ధరలో వాళ్లను ఓడిస్తున్నది నిర్లక్ష్యమే. పరీక్ష చేయించని గ్లైడర్ చవగ్గా ఎగురుతుంది.

ఒక వాదన తరచూ వినబడుతుంది. రోడ్డు మీద రోజుకు ఎంతమంది చావడం లేదు, సాహసం అన్నాక ప్రమాదం ఉండదా అని. సాహసం చేసేవాడు ప్రమాదాన్ని ఎరిగి చేస్తాడు. సొంత గ్లైడర్ మీద సొంత లైన్లు చూసుకుని ఎగిరేవాణ్ణి మేము ఒక్క మాట అనం. టాండెమ్ ముందు సీటులో కూర్చునే మనిషికి బకిల్ పేరు తెలియదు, గాలి వేగం తెలియదు, ఆ గుడ్డ వయసు తెలియదు. ఆమె సాహసం చేయడం లేదు, టికెట్ కొన్న ప్రయాణికురాలు. బస్సు ఎక్కేవాడు స్టీరింగు పరీక్షించి ఎక్కడు కదా. బస్సు యజమానికి ఏ బాధ్యత ఉందో గ్లైడర్ యజమానికీ అంతే బాధ్యత.

ఎగిరేముందు సంతకం చేయించుకునే కాగితం మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఏం జరిగినా నాదే బాధ్యత అని దాని మీద రాసి ఉంటుంది. పట్టీ పెట్టకుండా ఎగరేసినవాణ్ణి ఆ సంతకం క్రిమినల్ కేసు నుంచి కాపాడదు. ఏకపక్షమైన ఒప్పందాలను కొట్టేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కమిషన్లకు ఇచ్చింది. అయినా ఆ కాగితం ఎందుకు తీసుకుంటారంటే, చదువుకున్న కుటుంబాలు కూడా దాన్ని చూసి కేసు వేయకుండా వెనక్కి తగ్గుతాయి కాబట్టి. అలాంటి షరతు ఉన్న కాగితాన్నే నిషేధించాలి.

కేంద్రం 2022 జూన్‌లో జాతీయ వాయు క్రీడల విధానం తెచ్చింది. పారాగ్లైడింగ్ అందులో ఉంది. భద్రతకు పెద్ద పీట వేశామని చెప్పుకుంది. విధానం చదవడానికి బాగుంది. గోవా, గడ్సా, డోభీ రెండు చావులు అన్నీ ఆ విధానం వచ్చాకే. ఢిల్లీలో రాసిన వాక్యం కొండ అంచున నిలబడ్డ మనిషి నడుం దాకా రావాలంటే మధ్యలో రాష్ట్రం ఉండాలి. తమిళనాడు పర్యాటక శాఖా తూత్తుకుడి, విరుదునగర్ కలెక్టర్లూ ముందుగా చేయగలిగింది ఒకటుంది. పైన చెప్పిన హార్నెస్, గంటల పుస్తకం, లైన్ల కొలతలు, గాలి హద్దు, నెలజీతమున్న పైలట్, కంపెనీ జీతం తినని స్థల అధికారి. ఇవన్నీ ఒకేసారి చూపించేవరకు ఈ రెండు జిల్లాల్లో ఒక్క టాండెమ్ గ్లైడర్‌కూ, ఒక్క వించ్‌కూ అనుమతి ఇవ్వబోమని ఇప్పుడే, ఎవరూ దరఖాస్తు పెట్టకముందే, రాతపూర్వకంగా ప్రకటించాలి. దరఖాస్తు వచ్చాక పెట్టే షరతుల మీద బేరాలు మొదలవుతాయి.

ఈలోగా వాగమన్‌కో బీర్‌కో వెళ్లే మన పిల్లలకు ఒక మాట. హార్నెస్ తొడిగాక మూడు బకిళ్లనూ, తొడల దగ్గరివి రెండూ ఛాతీ దగ్గరిది ఒకటి, మీ చేతులతోనే లాగి చూసుకోండి. గ్లైడర్‌ను ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారో, రిజర్వ్ ఎప్పుడు మడిచారో పైలట్‌ను అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కున్నాడా, కట్టిన డబ్బు పోతే పోయింది, హార్నెస్ విప్పి ఇచ్చేసి కొండ దిగి వచ్చేయండి.